చిన్నమ్మ జర్మన్‌కు అడ్డం పడే పని

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పిల్లలు మధ్యలో రాకూడదన్నది నా చిన్నప్పుడు మా ఇంట్లో గట్టి నియమం. కన్నడం మాట్లాడే నగరంలో, కాటన్‌పేటలో కింద తాత బట్టల అంగడి, పైన కాపురం. అమ్మకు ఉద్యోగం ఉండటంతో నేను అవ్వ దగ్గరే పెరిగాను. ఎవరితో ఏం పని పడినా, వాళ్ల మాట పూర్తయ్యేదాకా నోరు మూసుకుని నిలబడాల్సిందే. ఆ నియమాన్ని నాచేత తప్పించింది మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు.

చిన్నమ్మ అప్పుడు విశ్వవిద్యాలయంలో జర్మన్ ఎం.ఏ. చివరి ఏడు చదువుతోంది. ఆ భాషతో ఏం చేస్తుందో మా వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకు మాత్రం సందేహమే లేదు. లావుపాటి జర్మన్ నవలలు మిద్దె మీద కూర్చుని చదివేది. వాక్యం చివరిదాకా ఓపిక పడితే గానీ ఏం జరిగిందో చాలాసార్లు తెలియదనీ, ఆ లెక్కన అది మన తెలుగుకు చుట్టమేననీ నవ్వేది.

రాత పరీక్షలన్నీ బాగా రాసింది. చిక్కు నోటి పరీక్షలో వచ్చింది. ఒక అంశం మీద ఇద్దరు పరీక్షకుల ముందు జర్మన్‌లో ప్రసంగించాలి, వాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పాలి. చిన్నమ్మ మా నగరం అంచునున్న వర్తూరు చెరువును ఎంచుకుంది. మొదట చెరువు కట్ట, ఆ నీళ్లతో ఒకప్పుడు పండిన పొలాలు, తర్వాత నగరం మురుగు చేరి చెరువు పాడైన తీరు. ప్రసంగం మొత్తం కంఠతా పట్టి వెళ్లింది. బడిలో పద్యాలు ఒప్పజెప్పి పెరిగినవాళ్లకు తెలిసిన తయారీ అదే కదా. మధ్యలో ఒక పరీక్షకుడు ఏదో అడిగాడు. జవాబు చెప్పింది గానీ, తను ఎక్కడ ఆపిందో దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అడిగారు, మళ్లీ మొదటికి వెళ్లింది. సమయం అయిపోయింది, పరీక్ష పోయింది.

ఇంకొక్క అవకాశం మిగిలింది. అదీ పోతే పట్టా లేదు. కూతురు ఏడవడం చూసిన తాత, “ఈ తూరి కూడా కాకుంటే చాలు తల్లీ, వచ్చి అంగట్లో కూర్చో. ఎన్నాళ్లని బేజారు పడతావు?” అన్నాడు. చిన్నమ్మ కళ్లు తుడుచుకుని, “ఎందుకు కాదప్పా, చూస్తా ఉండు” అంది.

మర్నాటి నుంచి మిద్దె మీద అటూ ఇటూ నడుస్తూ సాధన చేసేది. ఒకరోజు నేను రిబ్బను పట్టుకుని జడ వేయమని వెళ్లాను. “సుమ్నే, ఊరికూరికే అడ్డం రావద్దే” అని కసిరి, మొదటి నుంచి మొదలుపెట్టింది. “మైనె డామెన్ ఉంట్ హెరెన్” అన్న ఆ మొదటి మాటలు సభలోని వాళ్లను పిలవడమని అప్పటికే నాకు తెలుసు. కాసేపాగి మళ్లీ వెళ్లాను. మళ్లీ కసురు, మళ్లీ ఆ మాటలే. ఇంకోసారి వెళ్లేసరికి నోరు తెరవబోయి ఆగిపోయింది. నన్నే చూస్తూ నిలబడింది. దెబ్బ తప్పదనుకున్నాను.

“రేపట్నుంచి నీకొక పని. నేను మాట్లాడతా ఉన్నప్పుడు నీకెప్పుడు బుద్ధి పుడితే అప్పుడొచ్చి ఏదో ఒకటి అడుగు.”

“తిట్టవా?”

“తిడతా. జర్మన్‌లో తిడతా.”

అంతకంటే గొప్ప పని నాకు ఆ తర్వాత ఎవరూ అప్పగించలేదు. ఆకలేస్తోందని అడ్డం పడ్డాను, కాకులు ఎక్కడ పడుకుంటాయని అడ్డం పడ్డాను. ఏం అడిగినా జర్మన్‌లోనే జవాబు చెప్పి, ప్రసంగంలోకి తిరిగి వెళ్లాలన్నది ఆమె పెట్టుకున్న షరతు. మొదట్లో ప్రతిసారీ సభను పిలిచేది. తర్వాత తర్వాత కాస్త వెనక్కి వెళ్లి అందుకునేది. ఆ మాటలు నాకు అర్థం కాకపోయినా వరస తెలిసిపోయింది కాబట్టి, ఎంత వెనక్కి వెళ్లిందో పసిగట్టి చెప్పేదాన్ని. అవ్వ కూడా మెట్ల మీద నుంచి కేకేసేది.

“చింతపండు నానేసినావా?”

పైనుంచి జర్మన్ వినపడేది.

“ఔనంటివా, కాదంటివా? అదన్నా చెప్పు తల్లీ.”

ఒక సాయంత్రం తాత పైకి వచ్చాడు. ఆ చదువు గురించి ఎన్నడూ ఒక్క మాట అడగని మనిషి, గొంతు సవరించుకుని, “ఆ చెరువు నీళ్లు ఇప్పుడు ఎట్లుండాయి?” అన్నాడు. చిన్నమ్మ ఒక్క క్షణం తడబడింది. తర్వాత జర్మన్‌లో నెమ్మదిగా జవాబు చెప్పి, వదిలిన చోటి నుంచి అందుకుంది. తాత పిట్టగోడ మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. అర్థమైందా అని అడిగితే, “లేదు. కానీ నువ్వు మాత్రం మధ్యలో నిలిచిపోలేదు” అన్నాడు.

పరీక్ష రోజు నాకు బడి సెలవు. చిన్నమ్మ నన్నూ వెంట తీసుకెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. తలుపు ఓరగా వేసి ఉంది. ఆమె గొంతు వినపడుతోంది. పొలాల దగ్గరికి వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. అంతలో ఒక మగగొంతు అడ్డం వచ్చింది. చిన్నమ్మ జవాబు చెప్పింది. ఆ సభను పిలిచే మాటలు మళ్లీ వినపడతాయేమోనని బెంచీ చివరికి జరిగి చెవి ఒగ్గాను. అవి రాలేదు. పొలాల దగ్గర వదిలిన మాట పొలాల దగ్గరే మళ్లీ మొదలైంది. అప్పుడే ఒకాయన టీ గ్లాసులు గలగలలాడిస్తూ లోపలికి వెళ్లాడు. తెరుచుకున్న తలుపులోంచి చూస్తే, చిన్నమ్మ ఆయనకు దారి ఇస్తూ పక్కకు జరిగింది. మాట మాత్రం ఆగలేదు.

బస్సులో తిరిగి వస్తూ నన్ను దగ్గరికి లాక్కుని, “నువ్వు లేకుంటే ఇంకా చెరువు కట్టమీదనే నిల్చోనుండేదాన్ని” అంది. ఫలితం వచ్చిన రోజు తాత అంగడికి వచ్చిన ప్రతివాళ్లకూ మా అమ్మాయి జర్మన్‌లో గెలిచిందని చెప్పాడు. చిన్నమ్మ ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఆ భాష నేర్పుతోంది. ఆమె తరగతిలో పిల్లలు ఎప్పుడైనా మధ్యలో మాట్లాడొచ్చట.

నాకిప్పుడు చిన్న పాప ఉంది. ప్రతిదానికీ కంగారుపడే స్వభావం నాది. పొద్దున పాప అన్నం ముట్టకపోతే రోజంతా పాడైపోయిందనీ, నాలుగు రోజులు జ్వరమొస్తే ఇన్నాళ్ల పెంపకమంతా వృథా అయిందనీ, ఇక అన్నీ కొత్తగా మొదలుపెట్టాలనీ అనిపించేది. ఇప్పుడు అలా అనిపించినప్పుడు ముందుగా ఒకటి చూసుకుంటాను: నేను ఎక్కడ ఆగాను? ఆ చోటు ఎప్పుడూ నేను భయపడినంత వెనక ఉండదు. సగం కలిపిన అన్నం, సగం చెప్పిన కథ, సగం చేసిన ఆఫీసు పని అలాగే నాకోసం ఎదురుచూస్తూ ఉంటాయి. పాప పిలిస్తే వెళ్లి, కావలసింది చూసి వస్తాను. వచ్చి, ఆ సగం నుంచే మొదలుపెడతాను.