హన్నా పేరున్న పెన్‌డ్రైవ్

ఉదయం తొమ్మిదీ నలభైకి కాఫీ కప్పు కడిగి బోర్లించి సర్వర్ రూమ్‌కి వెళ్ళాను. దయ్యాలను నేను నమ్మను. చనిపోయినవాళ్ళు మన వెంటే ఉంటారన్న ఓదార్పు మాటలనైతే అసలే నమ్మను. ఆ రోజు చూసింది మాత్రం చూసినట్టే రాస్తున్నాను.

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మాది చిన్న కంపెనీ. కొత్త సర్వర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ దానంతటదే ఎక్కేలా స్క్రిప్ట్ రాసింది నాతో పనిచేసే ప్రసాద్. మెషీన్ మొదట నెట్‌వర్క్ నుంచి ఒక చిన్న బూట్ ఇమేజ్‌తో, అంటే తాత్కాలిక సిస్టమ్‌తో, లేస్తుంది. డిస్కును గుర్తించే డ్రైవర్ అందులో ఉండాలి. దాన్ని చేర్చడం నా పని. గత ఏడాది అసలు సిస్టమ్‌లో చేర్చి, బూట్ ఇమేజ్‌లో మరిచాను. నలభై సర్వర్లు డిస్కు కనబడటం లేదంటూ ఆగిపోయాయి.

ఆ రోజంతా ప్రసాద్ తన పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ వేసుకుని ఒక్కో సర్వర్‌కీ గుచ్చుతూ తిరిగాడు. పెన్‌డ్రైవ్ ఉంటే ఇన్‌స్టాలర్ దాంట్లోంచి తీసుకుంటుంది.

"గోరుముద్దలు తినిపిస్తేగానీ దిగట్లేదురా వీటికి," అని నవ్వాడు.

కస్టమర్ గొడవ చేశాడు. మీటింగ్‌లో మా మేనేజర్ వెంకట్ నావైపు చూసి, "స్క్రిప్ట్ అతనిదేగా బ్రదర్?" అన్నాడు. అప్పుడు నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. తలూపాను.

ప్రసాద్ ఉద్యోగం పోయింది. ఇంకోటి వెతుక్కోవడానికి వీసా ఇచ్చే గడువు అరవై రోజులు. ఐదో వారంలో గుండె ఆగింది. తెలుగు చర్చిలో ప్రార్థన అయ్యాక ఇక్కడే సమాధి చేశారు.

బూట్ ఇమేజ్‌ను నేను సరిచేయలేదు. సరిచేస్తే ఆ మార్పు నా పేరుతో నమోదవుతుంది. ప్రతిసారీ నా పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళి పని కానిస్తూ వచ్చాను.

ఆ ఉదయం ఆరు సర్వర్లు ఆన్ చేసి, మరిచిన పెన్‌డ్రైవ్ కోసం డెస్క్‌కి వెళ్ళొచ్చాను. ఆరింటిలోనూ ఇన్‌స్టలేషన్ సగం దాటింది. ఏ పోర్టులోనూ ఏమీ లేదు. బ్యాడ్జి లేకుండా ఆ గదిలోకి ఎవరూ రాలేరు. ఆ గంటలో నమోదైంది నా బ్యాడ్జి ఒక్కటే. మెషీన్ తనంతట తాను రాసుకునే లాగ్ తెరిచాను. డ్రైవర్ ఒక పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిందని ఉంది. దాని పేరు హన్నా. ప్రసాద్ కూతురి పేరు.

అతని భార్య సునీతకు ఫోన్ చేసి, ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందని అడిగాను.

"ఆయనకి తొడిగిన కోటు జేబులోనే పెట్టి పంపేశాం కదన్నయ్యా. హన్నానే పెట్టింది, డాడీకి వర్క్‌లో కావాలని. ఏం, ఎందుకు?"

లాగ్ సంగతి దాచి, తలూపిన సంగతి చెప్పాను.

"ఆయన ఉద్యోగం పోయిన ఆ నెలంతా మా ఇంట్లోనే అన్నం తిన్నారు కదా మీరు," అంది.

ఆ రోజే బూట్ ఇమేజ్‌ను నా పేరుతో సరిచేసి, తప్పు నాదేనని వెంకట్‌కు కూడా చెప్పాను. "క్లోజైన టికెట్ బ్రదర్, ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నాడు.

లాగ్ కాపీ నా దగ్గరుంది. ఎన్నిసార్లు చదివినా ఆ లైన్ అక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

సునీత నా ఫోన్ ఎత్తడం లేదు.