టైలరు గారి రెండు మోటార్లు

ఫోమ్ బోర్డు కనిపిస్తే టైలరు చేతులు ఊరుకోవు. జాకెట్టు చేతులు కత్తిరించినంత శ్రద్ధగా సుద్దతో గీసి, బ్లేడుతో కోసి, విమానం రెక్కలు అతికిస్తాడు. ఈసారి రెండు మోటార్లు పెట్టి, మబ్బులకి చిల్లు పెడుతుందని వీధంతా కోతలు కోశాడు.

"ఇవాళ ఎగరకపోతే మీ సరంజామా అంతా భోజనాల బల్ల మీంచి చెత్తబుట్టలోకే!" అంది భార్య.

మైదానంలో రిమోట్ నొక్కగానే విమానం సిగ్గుపడ్డట్టు వెనక్కి పాకింది.

దాని ముందు నిలబడ్డ భార్య, "అబ్బ, ఎంత చల్లటి గాలండీ! ఫ్యానుగా ఉంచేసుకుందాం" అంది.

టైలరు నాలిక్కరుచుకున్నాడు. గాలి తోకవైపు కదా కొట్టాలి! రెండు మోటార్లూ తిరగబడి తిరుగుతున్నాయి. గబగబా తీగలు మార్చి కలిపాడు. విమానం రయ్యిమని ఆవిడ తలమీదుగా లేచింది.

ఆవిడ చెప్పులు వదిలేసి దాని వెంట పరుగెత్తింది. "ఇంకా పైకండీ, ఇంకా పైకి! బల్లదేముంది, నేలమీద కూర్చుని తిందాం!"