బొట్టు పెట్టిన మోడెం

ఆ ఒక్క పూట పోయినవి లెక్క కడితే ఇవి: మోడెం, పదిహేను వందలు. అందులో మిగిలిన నెట్ బ్యాలెన్సు, రెండు వందల చిల్లర. దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చిన ఆమె ఆటో కిరాయి, రానూపోనూ నలభై. పత్తి ఏరే కూలి ఒక రోజుది, నూట యాభై. ఆమెకు సొంత ఊళ్లో రావాల్సిన ఆయా ఉద్యోగానికి ఎంత వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నకిరేకల్‌లో నాకొక చిన్న నెట్ దుకాణం ఉండేది. అంతకుముందు పత్తి కాంటా దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. కంప్యూటరు చూసి చూసి నేర్చుకున్నదే. నెట్టు వచ్చేది వేలెడంత మోడెంతో.

దసరా మర్నాడు ఊళ్లో నెట్ దుకాణం తెరిచింది నేనొక్కణ్ణే. పక్క ఊరి నుంచి ఆమె ఆటోలు దొరక్క మూడింటికి చేరింది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. వాళ్ల ఊరి అంగన్‌వాడీలో ఆయా పోస్టు పడింది. ఆన్‌లైన్ దరఖాస్తుకు గడువు ఆ సాయంత్రం ఐదు. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, యాభై రూపాయలు ముందే ఇచ్చింది.

మోడెం గుచ్చాను. లైటు వెలగలేదు. ఇంకో రంధ్రంలో పెట్టాను. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. అసలు మోడెమే లేదంటోంది. పాత సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తగా ఎక్కిద్దామనుకున్నాను. తీసేశాక గుర్తొచ్చింది, ఆ సాఫ్ట్‌వేరు ఉండేది మోడెం లోపలేనని.

“ఏమైందన్నా?”

“మోడెం కనవడ్తలేదంటాంది చెల్లె.”

“నాకు కనవడ్తనే ఉంది. గంత పెద్ద మిషనుకు కనవడ్తలేదా?” అని నవ్వింది.

నాలుగు దాటాక నవ్వలేదు. నల్గొండకు పోదామన్నా ఐదులోపు చేరేది లేదు.

మోడెం తీసి వాకిట్లో వెలుతురుకు పట్టుకున్నాను. మూతి నిండా పసుపు, దాని మీద కుంకుమ, గట్టిపడి ఉన్నాయి. ముందురోజు ఆయుధపూజకు అమ్మ దుకాణంలో ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టింది. తడి పసుపు లోపలి రేకుల దాకా పోయింది. గుండుసూదితో గీకాను, తుడిచాను, ఊదాను. వెలగలేదు.

చాయ్ తెచ్చిన అమ్మ సంగతి విని అక్కడే నిలబడిపోయింది. “మంచిగ నడవాలెనని పెట్టిన గద బిడ్డా,” అంది.

ఐదయింది. యాభై తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

“ఉండనియ్యన్నా. మల్ల పోస్టు వడ్తే నింపుదువు. పైసలు వాపసు తీస్కుంటే గీ పని ఇంగ లేకుంట ఒడిసినట్టే గద.”

ఆ పోస్టు ఇంకొకామెకు వచ్చింది. ఆ ఊరికి మళ్లీ పడలేదు. బజారులో ఎదురుపడితే ఇప్పటికీ, “పడ్డదా అన్నా?” అని అడుగుతుంది. తల అడ్డంగా ఊపుతాను. జేబులో చేయి పెడితే వద్దంటుంది. నేను ఆమెకు ఇవ్వాల్సింది యాభై రూపాయలు.