బాలింత గ్లాసు

మొయినాబాద్ బంగళాలో బ్రాందీ కలిపిన చెయ్యి మా బాపుది. ఆయన తర్వాత నన్ను కన్న మా అవ్వది. సావుకారు లక్ష్మీనర్సయ్య వాళ్ల తాతది మాత్రం కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పటికీ ఎవరో ఒకరు నా ముందు కూర్చుని ఆ తాతే కలిపాడన్న ముచ్చట ఎత్తుతారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ తాత ఉల్లిగడ్డ కూడా ముట్టని మనిషి. ఆయన బ్రాందీలో కోడిగుడ్డు కొట్టి కలిపాడంటే నమ్మేవాళ్లకు ఒక దండం.

బాపు పేరు యాదయ్య. చేవెళ్లలో కల్లు కోసం ఈదులెక్కే ఇంట్లో పుట్టాడు. ఇరవై ఏళ్లకే చెట్టు మీంచి పడి కాలు వంకరైంది. చెట్టెక్కలేనివాడికి ఊళ్లో పనేముంటుంది? సికింద్రాబాద్ లష్కర్ పోయి ఫౌజీ దొరల మెస్సులో ముందు గిన్నెలు కడిగాడు, తర్వాత గ్లాసులు తుడిచాడు, ఆ తర్వాత గ్లాసులు నింపాడు. బ్రాందీలో అదీ ఇదీ పోసి చేసేవాటిని దొరలు కాక్‌టెయిల్ అంటే, బాపు కలుపుడు అనేవాడు. ఒక్కో కలుపుడుకు ఒక్కో పుట్టుక కథ ఉండేది. దొరలు తాగుతూ చెప్పుకునేవారు, బాపు విని తన తీరున మార్చుకునేవాడు. చదువు రానివాడు కొలతలు ఎక్కడ రాసుకోవాలి? కథలోనే దాచుకున్నాడు.

సైడ్‌కార్ అని ఒకటుంది. ఎవరో కెప్టెన్ చలికి వణుకుతూ మోటారుసైకిల్ పక్కతొట్టిలో వచ్చి అడిగాడని మెస్సులో చెప్పేవారట. బాపు ఆ కెప్టెన్‌ను దింపేశాడు. ఆయన కథలో బండి మీద ఇద్దరు అన్నదమ్ములు, పక్కతొట్టిలో నారింజరంగు చీరె కట్టుకున్న మేనత్త, ఆమె ఒళ్లో పుల్లమొహం పెట్టుకున్న కోడలు. అంటే బ్రాందీ రెండు పాళ్లు, నారింజ సారాయి ఒకటి, నిమ్మరసం ఒకటి. గ్లాసు అంచుకు చక్కెర అద్దే ఇంకో కలుపుడుకు, దొంగతనంగా లడ్డు తిన్న పెళ్లికూతురి కథ. కలుపుతున్నంతసేపూ బాపు ఆ కథ గొణుక్కుంటూనే ఉండేవాడు. కథలో ఒక మనిషి తప్పిపోతే గ్లాసు చెడినట్టే.

లక్ష్మీనర్సయ్య సావుకారు రోడ్ల గుత్తేదారు. తాను ముట్టడు, ముట్టే ఆఫీసర్లను మాత్రం పట్నం నుంచి తెచ్చి సాకుతాడు. అందుకే మొయినాబాద్‌లో బంగళా కట్టాడు, అందుకే పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో బాపును లష్కర్ నుంచి పిలిపించుకున్నాడు. బంగళా వెనక ఒక అర్ర ఇచ్చాడు. బాపు, అవ్వ అందులో కాపురం పెట్టారు. అవ్వ పేరు గోపమ్మ.

ముప్పై నాలుగు ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, ఆ అర్రలో నేను పుట్టాను. నేను ఏడ్చాను, అవ్వ మాత్రం చల్లబడిపోయింది. మంత్రసాని సత్తమ్మ పాదాలు రుద్ది రుద్ది, ఇక లాభం లేదంది. బాపు కుంటుకుంటూ బంగళాలోకి పరుగెత్తి, ఆఫీసర్ల కోసం పెట్టిన బ్రాందీ సీసా సీలు పీకి, చేతికి దొరికినవన్నీ తెచ్చి, సత్తమ్మ వేడిపాలు పోస్తుంటే కలిపి, అవ్వ గొంతులో పోశాడు. అవ్వ కళ్లు తెరిచింది. డాక్టరీ చదివినవాళ్లు నవ్వితే నవ్వనీ, మా అవ్వ మాత్రం ఆ గ్లాసుతోనే లేచి కూర్చుంది.

సావుకారుకు సీలు కనిపించింది, అవ్వ కనిపించలేదు. ఆ సీసా నెత్తిన పెట్టించి బాపును పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టాడు. వచ్చిన ఆఫీసర్లందరూ ఆయన ముందు నుంచే లోపలికి పోయారు. వాళ్లలో ఒకాయన వంటింట్లోకి తిరిగొచ్చిన చెంబులో మిగిలినదాన్ని వాసన చూసి, ఒక గుక్క తాగి, ఇది ఇంకో గ్లాసు కావాలన్నాడు. అప్పుడు దించమన్నాడు సావుకారు, బాపు నెత్తి మీది సీసాను. బాపు దానికి బాలింత గ్లాసు అని పేరు పెట్టుకున్నాడు.

ఆ గ్లాసు కోసమే ఆఫీసర్లు మొయినాబాద్ రావడం మొదలుపెట్టారు. ఇది ఎక్కడి కలుపుడు అని అడిగితే సావుకారు ఏం చెప్పాలి? తన తాత వేటకు పోయినప్పుడు అడవిలో కనిపెట్టాడని చెప్పాడు. వేటట! తక్కెడ తప్ప వేరే ఆయుధం పట్టని వంశం. బాపు పక్కనే నిలబడి వినేవాడు. తలమీద గూడు ఉంది, ఒళ్లో పిల్ల ఉంది, నోరు మూసుకున్నాడు. నలభై ఒకటిలో జ్వరం వచ్చి చనిపోయేముందు అవ్వతో ఒక్కటే మాట అన్నాడట: "కథ మాత్రం మార్చకు గోపా."

అప్పటినుంచి అవ్వే కలిపింది. ఆడది బ్రాందీ కలుపుడేందని మొయినాబాద్‌లో నోళ్లు లేచాయి. ఆ నోళ్లు మీ ఇంట్ల కాన్పయినప్పుడు తెరువుండ్రి, పోస్త, అంది అవ్వ. ఆ తర్వాత నోళ్లు మూతపడ్డాయి.

నలభై మూడులో పట్నం నుంచి పెద్ద ఇంజనీరు వచ్చాడు. చేవెళ్ల మీదుగా వేసే రోడ్డు ఎవరికివ్వాలో ఆయన చేతిలో ఉంది. సావుకారు పొద్దున్నే అవ్వను పిలిచి, సాబ్ ముందర గ్లాసు కలుపుతూ తాత కథ నీ నోటితోనే చెప్పాలి అన్నాడు. పనివాళ్ల నోట వస్తే నమ్మకం కుదురుతుందట. చెప్పకపోతే అర్ర ఖాళీ చెయ్యి అని కూడా అన్నాడు. అవ్వ గ్లాసులు తుడవడానికి పోయింది. ఒప్పుకుందనుకున్నాడు పాపం.

ఇంజనీరు, ఆయన వెంట ఏడుగురు కూర్చున్నారు. సావుకారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవ్వ గ్లాసు ముందు పెట్టుకుని మొదలుపెట్టింది.

"సాబ్, ఇది నా పెనిమిటి యాదయ్య నా పానం కోసం కలిపింది. సీస వంచితె యాదయ్య చెయ్యి రెండుసార్లు వణికింది, రెండు గరిటెల బ్రాందీ పడ్డది. కోడి ఒక్కసారే అరిసింది, ఒక్క గుడ్డే దొరికింది. సత్తమ్మ నన్ను లెవ్వుమని మూడుసార్లు తిట్టింది, మూడు చిటికెల శొంఠి. పుట్టిన పిల్ల పిడికిలంత బెల్లం. గివన్ని గిలక్కొట్టినంక, నేను సచ్చిననుకొని సత్తమ్మ ఏడ్సుకుంట వేడిపాలు పోసింది, కండ్లనీళ్లు కారినంత సన్నగ. ఆ సీస సీలు తీసినందుకు యాదయ్యను గీ వాకిట్లనే ఎండల నిలబెట్టిండ్రు. సావుకారు తాత ఎవలో నాకు తెల్వదు."

చెప్పడం, కలపడం ఒక్కసారే అయిపోయాయి. గ్లాసు ఇంజనీరు చేతికిచ్చింది. ఆయనకు తెలుగు బాగానే వచ్చు. గ్లాసంతా తాగి, సావుకారు మొహం వైపు చూసి, లేచిపోయాడు.

సాయంత్రానికల్లా మా మూటాముల్లె బయటపడ్డాయి. అవ్వ నన్ను వెంటబెట్టుకుని చేవెళ్ల చేరి, కల్లు కాంపౌండ్ ముందు ఉడికించిన శనగ గుడాలు అమ్మడం మొదలుపెట్టింది. ఎందుకట్ల చెప్పినవు, గూడు పాయె గద అని చుట్టాలంతా గునిశారు. నాకైనా కోపం రాకపోలేదు, తొమ్మిదేళ్లదాన్ని, వాన కురిస్తే తడిసేదాన్ని. ఎన్నిసార్లు అడిగినా అవ్వ జవాబు ఒకటే, నీ బాపు ఒక్కసారి ఎండల నిలబడ్డడు, సాలు.

సావుకారు లష్కర్ నుంచి స్వామిదాసు అనే అతన్ని తెచ్చుకున్నాడు. ఇంగ్లీషు పుస్తకం చూసి కలపగలవాడు, మంచివాడే. కానీ ఆ పుస్తకంలో బాలింత గ్లాసు ఎక్కడుంటుంది? సావుకారును అడిగితే అడవి చెప్పాడు, వేట చెప్పాడు, తాత మీసాలు చెప్పాడు. అందులో గుడ్లెన్ని, శొంఠి ఎంత? తెలిసినవాళ్లనడిగి ఏవో పోగుచేసుకుని, రెండు నెలలకు ఇంజనీరు రోడ్డు పని మీద మళ్లీ వచ్చిన రోజు స్వామిదాసు అన్నీ వేసి మసిలే పాలు ఒక్కసారే గుమ్మరించాడు. గుడ్డు ఉడికి పొరటైంది. ఇంజనీరు గ్లాసులోకి చూసి, దీంట్లోకి రొట్టె ఏది అని అడిగాడట.

మర్నాడు స్వామిదాసు చేవెళ్ల వచ్చాడు. సావుకారు పంపాడట, తిరిగి వస్తే అర్ర ఇస్తాడట, రాకుంటే కనీసం ఆ గుట్టు చెప్పమన్నాడట.

"గుట్టేంది తమ్మీ?" అంది అవ్వ. "నేను దాచిందెప్పుడు? ఎనిమిది మంది ముంగట, మీ సావుకారు ముంగట, మొత్తం చెప్పిన. సిగ్గుకు ఆయన చెవులు మూసుకపోతె నేనేం జెయ్య?"

స్వామిదాసుకు చెప్పింది. అతను కాగితం తీసి అంకెలు రాసుకోబోతే నవ్వింది. పాలు ఎంత సన్నగా పోయాలో ఏ అంకెతో రాస్తావంది. కథ నోటికి రావాలి, కలుపుతున్నంతసేపూ పైకే అనాలి, ఒక్క మనిషిని వదిలినా గుడ్డు విరుగుతుంది. అతను ఆ గుడాల పొయ్యి ముందే కూర్చుని అప్పజెప్పి, అప్పజెప్పి పోయాడు. అర్ర సంగతి అవ్వ మాట్లాడనే లేదు.

పది రోజులకు స్వామిదాసు మళ్లీ వచ్చాడు. గ్లాసు కుదిరిందట. ఇంజనీరు రెండోది కూడా అడిగాడట. మధ్యలో సావుకారు దగ్గి, కథెందుకు, గమ్మున కలుపు అన్నాడట. కథ ఆపితే పాలు ఆగుతాయని స్వామిదాసు అన్నాడట. చెప్పనియ్యి అన్నాడట ఇంజనీరు. యాదయ్య చెయ్యి వణకడం దగ్గర్నుంచి యాదయ్య ఎండలో నిలబడడం దాకా, రెండు గ్లాసులకు రెండుసార్లు చెప్పాడట.

అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది.

"సావుకారు కూసోని విన్నడా, నిలబడి విన్నడా?"

"ఇంజనీరు సాబ్ ముందర కూసుంటడా అక్కా? నిలబడే విన్నడు."

"మంచిగున్నది," అని అవ్వ గుడాల మూకుడు దించి, అతనికి ఒక దొప్ప నింపి ఇచ్చింది.