యాకమ్మత్త పరిచిన నేల

మొన్న పార్సిల్ విప్పగానే గది నిండా కొత్త రబ్బరు వాసన వచ్చింది. భూపాలపల్లిలో మేముండే ఇంటికి నున్నటి టైల్స్ నేల. మా పాపకు పదకొండు నెలలు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడుతుంది, రెండడుగులు వేస్తుంది, పడుతుంది. పోయిన వారం గడప దగ్గర పడి నుదురు బొప్పి కట్టింది. ఆ బొప్పి చూసి నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. కార్పెట్ కింద వేసే ఫోముల్లో ఫోనులో కనిపించినవన్నీ చూసి, అన్నిటికంటే మందంగా ఉన్నదాన్ని తెప్పించాను. నేల మీద పరిచి అరచేత్తో నొక్కాను. చెయ్యి మెత్తగా దిగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే ఆ వాసనతో పాటు ఒక గొంతు గుర్తుకొచ్చింది. "చెయ్యితోని నడుస్తవా బిడ్డా?"

ఆ గొంతు యాకమ్మత్తది. ఆమె పోయి మూడేళ్లయింది. జనగామలో స్టేషన్‌కు పోయే దారిలో ఆమెకు కార్పెట్లు, ప్లాస్టిక్ షీట్లు, డోర్‌మ్యాట్లు అమ్మే దుకాణం ఉండేది. సొంత ఊరు కురవి దగ్గర. పెళ్లయ్యాక భర్తతో హైదరాబాద్ పోయి, ఆఫీసుల్లో, హోటళ్లలో కార్పెట్లు పరిచే పని చేసింది. భర్త చనిపోయాక జనగామ వచ్చి దుకాణం పెట్టింది. తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులవి. నేను డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ ఒకరోజు ఉంటే నాలుగు రోజులు మూత. మా చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఖాళీగా కూర్చోవడం ఎందుకని చిన్నమ్మే నన్ను ఆ దుకాణంలో పనికి కుదిర్చింది.

ఆమె దగ్గర మొదటి రోజే ఒక విచిత్రం చూశాను. ఎవరైనా కార్పెట్ కావాలని వస్తే ఆమె కార్పెట్ చూపించేది కాదు. "ఏ అర్ర? పండేదా, కూసునేదా? కింద బండలా, గచ్చా? ఎవలు నడుస్తరు?" అని అడిగేది. తర్వాత కింద వేసే పొరల ముక్కలు నేల మీద వరసగా పరిచేది. "చెప్పులు ఇడువుండ్రి. కండ్లు మూస్కొని ఒక్కోదాని మీద నిలబడుండ్రి" అనేది. మా వైపు మనుషులకు ఇది కష్టమైన పని. కొత్త వస్తువు మీద కాలు పెట్టరు. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. దుకాణంలో సరుకంటే లక్ష్మి. అందరూ వంగి చేత్తో నొక్కి చూసేవాళ్లు. యాకమ్మత్త ఊరుకునేది కాదు. "కాలికింద ఉండుడే దాని పని. దండం పెట్టుకుంటె ఇంట్ల పెట్టుకోండ్రి" అనేది. నవ్వుకుంటూ చెప్పులు విడిచేవాళ్లు.

చెమ్మ విషయంలో ఆమె ఇంకా మొండి. గచ్చు మీద చదరం ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి, మర్నాడు తీసి చూసేది. అడుగున నీటి చుక్కలుంటే ఎవరెంత తొందరపెట్టినా పని మొదలుపెట్టేది కాదు. చెక్క పలకలు వేయించుకునే వాళ్లకు పలచటి గట్టి ఫోమ్ ఇచ్చేది. మందంది వేస్తే పలకల అతుకులు ఊగి విరుగుతాయని చెప్పేది. ఇవన్నీ విన్నాను. విన్నాను గాని ఒంటికి పట్టలేదు.

ఒకరోజు ఆమె దీక్షా శిబిరంలో కూర్చోవడానికి పోయింది. దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను. మానుకోట నుంచి మల్లయ్య పెదబాపు వచ్చాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. ఆయన మా బాపుకు చిన్ననాటి స్నేహితుడు. డోర్నకల్‌లో రైల్వే పని చేసి రిటైరై మానుకోటలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన భార్య లచ్చమ్మ పెద్దమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. డాక్టరు రోజూ నడవమన్నాడు.

"బండలు సల్లగున్నయని కాలు కింద పెడ్తలేదు బిడ్డా. మంచిది నువ్వే జూసియ్యి" అన్నాడు.

అది నా చేతి మీదుగా పోతున్న మొదటి సరుకు. బాపు స్నేహితుణ్ణి చెప్పులు విడిచి వస్తువు మీద నిలబడమని ఎట్లా అడగాలి? నాకు నోరు రాలేదు. ఇద్దరం వంగి చేతులతో నొక్కి చూశాం. అన్నిటికంటే మెత్తటి మందపాటి ఫోమ్ ఇచ్చాను. మీద వేయడానికి నీలం కార్పెట్. ఆయన చాలా సంతోషంగా రైలెక్కాడు.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. పెద్దమ్మ చేతికర్రతో లేచి దాని మీద అడుగు వేయగానే కాలు దిగబడి, కర్ర ఒరిగి, మంచం మీదికి పడింది. దెబ్బ తగల్లేదు. కాని అప్పటి నుంచి మంచం దిగడం లేదు. దవాఖానలో వేసిన కుట్లు మానాయి, భయం మాత్రం పట్టుకుంది. ఇట్లాగే పడుకుంటే ఇక లేవదని డాక్టరు చెప్పాడట.

నేను ఏడుస్తూ యాకమ్మత్తకు చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఏసిన తెల్లారే నేను పోయి జూసొస్తె అయిపోవు" అని తనను తానే అనుకుంది. లోపలికి పోయి, ఉన్నిని దుప్పటిలా పరిచి గట్టిగా నొక్కి చేసిన ఫెల్ట్ చుట్ట తీసింది. ఆ రోజు బంద్. రైళ్లు లేవు, బస్సులు లేవు. తెలిసిన ట్రాలీ ఆటోను పిలిపించింది.

పాలకుర్తి దాటాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, నడుమ పొయ్యిలు. ఉద్యమం వాళ్ల వంటావార్పు. పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది. గులాబీ కండువా వేసుకున్న ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, ఇయ్యాల బండ్లు బంద్. గా చుట్టల ఏంది?"

"నడువలేని మనిషికి కింద ఏసేది."

"గది రేపు ఎయ్యరాదు?"

"రేపు గూడ బందే గద అన్నా. నువ్వే అంటివి గిప్పుడు మైకుల!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. యాకమ్మత్త దిగి రోడ్డు మీద ఫెల్ట్ కొస పరిచింది. "నమ్మకుంటె చెప్పులిడిచి నడువు. కండ్లు మూస్కో" అంది. అతను సిగ్గుపడుతూనే నడిచాడు. వెనక నుంచి ఎవరో అరిచారు, "చూడుండ్రి, తెలంగాణ అచ్చినట్టే నడుస్తుండు!" కండువా ఆయన కళ్లు తెరిచి, "గట్టిగనే ఉంది, సల్లగ లేదు" అన్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి అన్నం, టమాట చారు పెట్టి, రాళ్లు జరిపి దారి ఇచ్చారు.

మానుకోటలో పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి, "ఏం బిడ్డా" అని మాత్రం అంది. ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. యాకమ్మత్త ఆ గదిలో ఎవరి పేరూ ఎత్తలేదు. "తప్పు మా దుకాణందక్కా" అంది. కార్పెట్ ఎత్తి, ఫోమ్ తీసి, ఫెల్ట్ పరిచి, మళ్లీ కార్పెట్ లాగి అంచులు సరిచేసింది. మూలలు నాతో తొక్కించింది. ఆ తర్వాత మంచం పక్కన ఉత్త కాళ్లతో నిలబడి చెయ్యి చాచింది.

"మల్ల పడితే?" అంది పెద్దమ్మ.

"పడితె పడుతవక్కా. పడవని నేను జెప్ప. కని ఈపారి నీ కాలుకు నేల తెలుస్తది."

పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. లేచింది. మొదటి అడుగుకు నేను పట్టుకోబోతే యాకమ్మత్త కళ్లతోనే వద్దంది. రెండు, మూడు, నాలుగు. పెద్దమ్మ తలుపు చెక్క పట్టుకుని ఆగి, వెనక్కి తిరిగి మంచాన్ని చూసి, "గింతేనా దూరం!" అంది. మల్లయ్య పెదబాపు తువాలుతో ముఖం తుడుచుకుంటూ వాకిట్లోకి పోయాడు. తిరుగు దారిలో యాకమ్మత్త ఒక్కటే అంది, "పెద్దమనిషిని చెప్పులు ఇడువుమనెతందుకు సిగ్గువడ్డవ్. ఆమె నాలుగు రోజులు మంచాన పడ్డది." ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చింది. నా చదువు అయిపోయింది, పెళ్లయింది, ఈ ఊరొచ్చాను. ఆమె చివరి రోజుల్లో నేను కడుపు పండుతుందేమోనన్న ఆశతో దవాఖానల చుట్టూ తిరుగుతూ, చూడ్డానికి పోలేకపోయాను. అది నా మనసులో ఉండిపోయింది.

మొన్న ఆ మందపాటి ఫోమ్ మీద ఉత్త కాళ్లతో నిలబడి కళ్లు మూసుకున్నాను. మడమ దిగబడింది, ఒళ్లు తూలింది. పాపను నిలబెట్టాను. టైల్స్ మీద రెండడుగులు వేసే పిల్ల దాని మీద ఒక్కటి కూడా వేయలేక కూలబడింది. అది చుట్టి పక్కన పెట్టాను. టైల్స్ మీద ప్లాస్టిక్ కాగితం అంటించి, మర్నాడు తీసి చూసి, చుక్కలు లేవని తేల్చుకున్నాక ఊళ్లో దుకాణం నుంచే సన్నటి ఫెల్ట్ తెచ్చి పరిచాను.

పాప పడుకుంది కాబట్టి ఇది రాస్తున్నాను. ఈ పొద్దున అది కిటికీ ఊచలు వదిలింది. మూడడుగులు వేసి కూర్చుండిపోయింది. ఏడవాలా వద్దా అని నా ముఖం చూసింది. నా చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. ఇప్పటికీ పోతాయి. వాటిని వెనక్కి కట్టుకుని, ఉత్త కాళ్లతో, ఉన్నచోటే నిలబడ్డాను. పాప రెండు అరచేతులూ కింద ఆనించి, మెల్లగా లేచింది.