చప్పుడు లేని పెళ్ళి

ఆండాళ్‌ది పెద్ద నవ్వు. పెళ్ళికి ముందు జమ్మలమడుగులో మేడ మీద ఆమె నవ్వితే, వీధి చివర పాలవాడు ఎవరింట్లో శుభకార్యమని అడిగేవాడట. అలాంటి మనిషిని కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు క్వార్టర్స్‌లో, పగలు నిద్రపోయే మొగుడికిచ్చి చేశారు. మురళీకృష్ణకు ఎప్పుడు చూసినా నైట్ డ్యూటీలే. విజిల్ వేస్తుందని ఆమె కుక్కర్ మానేసి ఏళ్ళయింది. పోపు కూడా వంటింటి తలుపు వేసుకునే పెడుతుంది.

వేసవి సెలవుల్లో ఆమెకు అసలు పరీక్ష. పులివెందులలో గుమాస్తాగా పనిచేసే తమ్ముడు గురునాథం పిల్లలిద్దరినీ తెచ్చి దించి, "నీ దగ్గరైతే బుద్ధిగా ఉంటారక్కా" అని వచ్చిన బస్సులోనే తిరిగి పోతాడు. ప్రియదర్శినికి పదేళ్ళు, వివేక్‌కు ఆరు. పక్క క్వార్టర్ అన్సర్ కూతురు ఆసియా పిలవకుండానే వచ్చేస్తుంది. బయట ఎండకు కాకి కూడా కనపడదు. టీవీ పెట్టడానికి లేదు.

ఈసారి ఇంకో చిక్కు. ముందురోజు రాత్రి కంట్రోల్ రూంలో కునికిపాట్లు పడుతూ మురళీకృష్ణ ఇంజనీరు కంట్లో పడ్డాడు. మళ్ళీ చూస్తే మెమో ఇస్తానన్నాడాయన. "ఈపొద్దు సాయంత్రం దాకా నన్ను లేపాకండి" అని ఇంట్లో చెప్పి పడుకున్నాడు.

ఆండాళ్ పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి గుసగుసగా చెప్పింది. "మనం పెళ్ళి చేస్తాండాం. నోరు విప్పినోళ్ళకు నన్నారి షర్బత్ లేదు."

"మేళం ఉండదా అత్తా?" అంది ప్రియదర్శిని.

"ఉంటాది. వినపడదు."

"మా అబ్బా గూడా పండుకోనుండాడు. నాకలవాటే" అంది ఆసియా పెద్దరికంగా.

దిండు పెళ్ళికూతురు. సొరకాయ పెళ్ళికొడుకు. ప్రియదర్శిని అప్పడాల కర్రను నాదస్వరంలా పట్టుకుని బుగ్గలు పగిలేలా ఊదింది. ఆసియా గాల్లో డోలు వాయించి చెమటలు కక్కింది. ఆండాళ్ పురోహితుడై పెదవులు మాత్రం ఆడించింది. వివేక్‌ను సొరకాయకు తండ్రిని చేశారు.

తీరా తాళి కట్టే వేళకు వివేక్ లేచాడు. మొహం ఎర్రబడింది. నేలను తన్నాడు, కాలి మీద కాలు వేసి మెలికలు తిరిగాడు, పడకగది వైపు వేలు చూపించాడు.

ఎవరూ నేర్పకుండానే వియ్యంకుడు అలిగాడని ఆండాళ్ మురిసిపోయింది. చేతులు జోడించింది. మెడ చుట్టూ వేలు తిప్పి, గొలుసు పెడతామంది. వాడు తల అడ్డంగా ఊపాడు. ప్రియదర్శిని హ్యాండిల్ పట్టినట్టు మెలిపెట్టి బండి ఇస్తామంది. వాడు గెంతాడు. ఆసియా స్టీరింగు తిప్పి కారు దాకా వెళ్ళింది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత గట్టి మగపెళ్ళివాళ్ళను ఆండాళ్ తన పెళ్ళిలో కూడా చూడలేదు. చివరికి ఆసియా, మర్యాద కోసం, కూజాలోంచి గ్లాసులోకి సన్నటి ధారగా నీళ్ళు వంచింది.

ఆ ధార చూడగానే వివేక్ రెండు చేతులూ నిక్కరు మీద పెట్టుకున్నాడు.

ఆ ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూమూ పడకగది లోపలే.

ఆండాళ్ కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఆగే నవ్వు కాదు. ఇన్నేళ్ళుగా మింగినదంతా ఒక్కసారిగా బయటపడింది. పక్క క్వార్టర్‌లో అన్సర్ ఉలిక్కిపడి దగ్గడం వినిపించింది.

పడకగది తలుపు తెరుచుకుంది. లుంగీ సర్దుకుంటూ నిలబడ్డ మురళీకృష్ణ పక్కనుంచి వివేక్ లోపలికి దూసుకుపోయాడు.

"ఏందిది?"

ఆండాళ్ నేల మీద చతికిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

"మగపెళ్ళోళ్ళు అలిగినారు మామా" అంది ప్రియదర్శిని.

"దేనికి?"

"బాత్రూముకి" అంది ఆసియా.

అతను కోప్పడాలనే చూశాడు. కుదరలేదు. గోడకు చెయ్యి ఆనించి నవ్వాడు. మళ్ళీ పడుకుందామని వెళ్ళి, మంచం మీద నవ్వుతూ దొర్లి దొర్లి, ఇక లాభం లేదని లేచి వచ్చేశాడు.

నవ్వు దిగాక ఆండాళ్‌కు భయం పట్టుకుంది. ఫ్లాస్కు నిండా చిక్కటి కాఫీ పోసి, "కునుకొస్తే మొగం కడుక్కోండి" అని డ్యూటీకి పంపింది. తెల్లారి గేటు దగ్గరే ఎదురుపడి అడిగింది.

"నిద్రబొయినారా ఏమన్నా?"

"యాడ పొయ్యేది. మీటర్లు చూస్తాంటే వివేక్‌గాడు బాత్రూముకు ఉరికిందే కనపడె. నా పాటికి నేను నవ్వుకుంటాంటే ఇంజనీరొచ్చి ఏందని అడిగె. చెప్తి."

"అయ్యో. ఏమనె?"

"వాకిలి దాకా పొయ్యి వెనక్కి తిరిగె. తర్వాత, మగపెళ్ళోళ్ళకు మర్యాదలు తక్కువ చేయాకండి అనె."