కత్తిరించిన అంచు

కరోనాకి ముందు ఏడాది. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీ టెక్నీషియన్‌గా నాకప్పటికి పదకొండేళ్ల అనుభవం. ఛాతీ మీద లీడ్లు, అంటే గుండె విద్యుత్తును అందుకునే తీగలు, అంటించి కాగితం మీద గీత తీయడం నా పని. మిషను ఆ కాగితం పై అంచున కొన్ని అంకెలు, తనకు తోచిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా అచ్చు వేస్తుంది. మా పెద్ద డాక్టరు గారికి ఆ ముక్కలంటే ఒళ్లు మంట.

"బాగున్నవాడికి కూడా అబ్‌నార్మల్ అని రాస్తుంది. అది చదివి జనం నా ప్రాణం తీస్తున్నారు. కోసెయ్యండి" అన్నారు.

అప్పటినుంచి అంచు కత్తిరించి, మిగతాది ఫైల్లో పెట్టేముందు వెనక పొట్టి సంతకం చేసేదాన్ని. వంకర లేకుండా కోస్తానని గర్వం కూడా ఉండేది, సిగ్గులేకపోతే సరి.

ఆ వేసవిలో నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు ఊరినుంచి నాగేంద్రమ్మ అనే ఆవిడ పదహారేళ్ల కూతురు మణిని తీసుకొచ్చింది. తండ్రి పడవ ఒడ్డుకు వస్తుంటే ఈదుకుంటూ ఎదురెళ్లి తాడు అందుకోవడం మణి పనట. అలా ఈదుతూ రెండుసార్లు స్పృహ తప్పింది.

"ఒడ్డున ఏమీ ఉండదండి. నీళ్లలో గట్టిగా ఈదితేనే పడిపోతంది. ఊళ్లో గాలి సోకిందంటన్నారు. నాకు నమ్మకం లేక ఇటు తీసుకొచ్చానండి" అంది నాగేంద్రమ్మ.

లీడ్లు అంటిస్తుంటే మణి చక్కిలిగింతలకు నవ్వింది. "కదలకమ్మా, గీత పాడైపోతుంది" అని కసిరాను. గీత శుభ్రంగా వచ్చింది. అంచు కోసి బుట్టలో పడేశాను. కోసేముందు చదివానో లేదో ఎంత తవ్వుకున్నా గుర్తురాదు.

పెద్ద డాక్టరు గారు ఫైలు తిరగేసి ఫిట్స్ అన్నారు. మాత్రలు రాసి, నీళ్ల జోలికి వెళ్లొద్దన్నారు.

"నీళ్ల జోలికి వెళ్లకపోతే మేమెట్టా బతకాలండీ?" అంది తల్లి. అప్పటికే ఆయన తరవాతి ఫైలు అందుకున్నారు.

రెండేళ్లకి నాగేంద్రమ్మ మళ్లీ వచ్చింది. పక్కన మణి లేదు, చిన్న కూతురు దుర్గ ఉంది. స్కూల్లో పరుగుపందెంలో పడిపోయిందట.

"మణేదమ్మా?" అన్నాను.

"పోయిందండి. తాడు అందుకోబోయి మునిగిపోయింది. మెడలోతు నీళ్లండి, మా మణికి అదో లెక్కా?"

ఈసారి చూసింది కొత్తగా చేరిన డాక్టరమ్మ, వయసులో నాకంటే చాలా చిన్నది. దుర్గ గీత మీద స్కేలు పెట్టి కొలిచింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగితే, నాగేంద్రమ్మ ప్లాస్టిక్ కవరులో దాచిన మణి ఫైలు తీసింది. దాన్నీ కొలిచింది.

"ఇందులోనూ ఈ దూరం పొడవే. పైన అంచు ఏదండీ?"

"కోసేస్తామండి. ఇక్కడ పద్ధతి."

కాగితం వెనక్కి తిప్పి నా సంతకం చూసింది. కాగితాన్ని మళ్లీ ఫైల్లో పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

తరవాత నాకు విడిగా చెప్పింది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె కణాలు పొటాషియాన్ని బయటికి పంపి మళ్లీ సిద్ధం కావాలి. అందుకోసం ఉన్న సన్నని దారులే పొటాషియం ఛానెల్స్. పుట్టుకతో ఆ దారుల్లో లోపం ఉంటే గుండె సర్దుకోవడం ఆలస్యమై, కాగితం మీద క్యూటీ అనే దూరం సాగుతుంది. ఒక రకంలో ఈతకీ పరుగుకీ గుండె లయ తప్పి మనిషి కుప్పకూలుతుంది. చూసేవాళ్లకి ఫిట్స్ లాగే ఉంటుంది. రోజూ వేసుకునే మాత్రలతో చాలామందిని కాపాడవచ్చు. ఆ దూరాన్నే మిషను అంచున అంకెల్లో వేస్తుంది. నేను కోసింది దాన్నే.

గీత ఫైల్లోనే ఉంది కదా, పెద్ద డాక్టరు గారు కొలిస్తే తెలిసేది కదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆయన కొలవలేదు, నిజమే. అయినా కత్తెర నాది.

తల్లికీ ఈసీజీ తీశాం. ఆమె క్యూటీ కూడా పొడవే.

"నా దగ్గర్నుంచే వచ్చిందాండి?"

"అవునమ్మా. కానీ అందులో మీ తప్పేం లేదు" అంది డాక్టరమ్మ. నాగేంద్రమ్మ ఆ 'అవును' దగ్గరే ఆగిపోయింది.

ఆ రోజునుంచి నేను అంచు కోయలేదు. పెద్ద డాక్టరు గారు అడిగితే కత్తెర ఆయన బల్లమీద పెట్టి, కావాలంటే మీరే కోసుకోండి అన్నాను. చెప్పిన పని చక్కగా చేయడం వేరు, పని తెలిసి చేయడం వేరని ఒక పిల్ల పోయాక నేర్చుకున్నాను. ఈ చదువు నాకు చాలా ఖరీదైంది, కట్టింది మాత్రం వేరేవాళ్లు.

దుర్గ బాగుంది. మాత్రల కోసం వచ్చినప్పుడల్లా నాగేంద్రమ్మ నాకు ఎండు రొయ్యలు తెస్తుంది. మొన్న పొట్లం చేతిలో పెడుతూ అంది:

"దుర్గని మీరే నిలబెట్టారండి. మణిని మాత్రం నేనే చంపుకున్నాను. నా రక్తమే దాన్ని మింగేసింది."

మీరు కాదమ్మా, ఆ అంచు కోసింది నేను అని చెప్పడానికి నోరు తెరిచాను.

"మాత్రలు ఒక్కపూట కూడా మానకండి" అని, పొట్లం తీసుకున్నాను.